కానో దర్బారు చూడాలంటే ఎక్కడ నిలబడాలి

దర్బారు మనకు తెలిసిన మాటే. బ్రిటిష్ వాళ్లు మన దేశంలో వాడి వాడి దాన్ని నైజీరియాకూ తీసుకువెళ్లారు. అక్కడి హౌసా ప్రజలు మాత్రం ‘హవన్ సల్లా’ అంటారు, అంటే పండుగ రోజుల గుర్రపు సవారీ. ఉత్తర నైజీరియా నగరమైన కానోలో దారి అడిగేటప్పుడు ఆ మాటే వాడండి.

నేను అక్కడ తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. ఈ సవారీ రంజాన్‌కీ, బక్రీద్‌కీ ఉంటుంది. యునెస్కో దీన్ని 2024 డిసెంబరులో వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే కానో రాజైన ఎమీర్ పీఠంపై వివాదం నడుస్తుండడంతో 2024 బక్రీద్‌కూ, 2025లోనూ పోలీసులు ఊరేగింపుకు అనుమతి ఇవ్వలేదు. ఈసారి జరుగుతుందని ఊరివాళ్లు చెప్పాకే ప్రయాణం పెట్టుకోండి.

మొదటి రోజు ఈద్ నమాజు కాగానే గిడన్ రుమ్ఫా రాజభవనం దక్షిణ ద్వారం కోఫర్ కుదు దగ్గరకు చేరుకోండి. వెనక గోడ ఉండే చోటు, వీలైతే అరుగు ఎక్కి నిలబడండి. హకిమాయ్ అనే ప్రాంతీయ అధిపతులు తమ రౌతులతో ఒక్కో దండుగా వస్తారు. గుర్రాలను దౌడు తీయించి, ఎమీర్ ఎదుట ఒక్కసారిగా కళ్లెం బిగించి, పిడికిలి ఎత్తి వందనం చేస్తారు. దాన్ని ‘జాహీ’ అంటారు. యుద్ధకాలంలో సేనను రాజుకు చూపిన పద్ధతి అది. రెండు దండుల మధ్య దారి ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు మాత్రం దాటకండి. నేను ఒకసారి అడుగు వేశాను. పక్కనున్న పెద్దాయన చెయ్యి పట్టి లాగకపోతే డెక్కల కింద పడేవాణ్ణి.

ఎమీర్ రాకను ముందు చెవే పసిగడుతుంది. మనిషి కంటే పొడవైన ‘కకాకీ’ బాకాలు, ఆపైన నాటు తుపాకుల మోత వినిపిస్తాయి. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ దుస్తుల దోగరాయ్ భటులు, వారి మధ్య తిరుగుతూ వచ్చే పెద్ద గొడుగు. రౌతుల తలపాగాలు గమనించండి. చెవుల్లా రెండు కొసలు నిలిచి ఉంటే రాజవంశీకులని అర్థం. కొందరు గుర్రాలకు ‘లిఫిదీ’ అనే దూది దట్టించిన కవచం తొడుగుతారు. ఆ ఎండలో అంత బరువు మోసే గుర్రాన్ని చూస్తే నాకు ఎప్పుడూ గొంతు పట్టేసేది.

ఒక్కరోజే వీలైతే రెండో రోజు ‘హవన్ దౌషే’ ఎంచుకోండి. ఆ రోజు ఎమీర్ అంత పరివారంతోనూ తల్లి ఇంటికి, బబ్బన్ దాకీకి, పండుగ పలకరింపుకు వెళ్తారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సవారీ అదే. మూడో రోజు గవర్నరు నివాసానికి వెళ్లే ‘హవన్ నసరావా’.

ముక్కుకు కట్టుకోవడానికి పల్చని తువ్వాలు, తాగడానికి నీళ్లు తెచ్చుకోండి. రౌతు గుర్రం దిగాక ముందు ‘బర్కా ద సల్లా’ అని పండుగ శుభాకాంక్షలు చెప్పండి. ఫొటో అడగడం ఆ తర్వాత.