త్రో జంప్‌లో పాదం చూడండి

జంట ఫిగర్ స్కేటింగ్‌లో త్రో జంప్, అంటే అబ్బాయి విసిరితే అమ్మాయి గాల్లో తిరిగి తనంతట తానే మంచు మీద దిగే విన్యాసం, వచ్చినప్పుడు ఆ అమ్మాయి గాల్లో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతూ ఉండిపోకండి. చుట్లను బట్టి వచ్చే మూల విలువ వేరు. ఎంత బాగా చేశారన్నదానికి జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా విడిగా గ్రేడ్ ఇస్తారు. అది మనకూ తెలియాలంటే, ఆమె దిగాక రెండు సెకన్లు పాదం మీదే చూపు నిలపాలి.

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున పలచటి రాయి విసిరినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. రాయి నీళ్లను తాకి జారుకుంటూ ముందుకు పోతేనే విసురు బాగున్నట్టు. బుడుంగున మునిగితే ఎంత ఎత్తుకు లేచినా ఏం లాభం? ఇక్కడా అంతే. ఒంటికాలి మీద దిగి, వెనక్కి జారుతూ, వేగం చావకుండా పొడుగ్గా సాగిపోవాలి. నాకైతే ఎత్తు కన్నా ఆ సాగడమే అందంగా ఉంటుంది. రెండో కాలు ఆనినా, చెయ్యి మంచును తాకినా గ్రేడ్ తగ్గుతుంది. పడిపోతే గ్రేడ్ బాగా దిగిపోవడమే కాక, ఒక పాయింట్ కోత కూడా పడుతుంది.

ట్విస్ట్ లిఫ్ట్‌లో అబ్బాయి ఆమెను పైకి విసిరి, ఆమె తిరిగాక మళ్లీ తనే పట్టుకుంటాడు. దానికి మాత్రం అతని చేతులు చూడండి. గాల్లో ఉండగానే నడుం దగ్గర పట్టుకుని మెల్లగా దించాలి. ఆమె అతని భుజం మీద కూలబడితే అది మంచి పట్టు కాదు.

మా అక్క కూతురికి ఇంతే చెప్పాను. ఇప్పుడు స్కోరు రాకముందే “బాగా దిగింది మామా” అంటోంది.