చలిలో పనిచేసే ఎంజైమును పట్టుకోవడం ఎలా

చలిలో పనిచేసే ఎంజైము కోసం చలిలో బతికే బ్యాక్టీరియాను వెతుకుతూ మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని ముందే చెప్పేస్తాను. మంచు ప్రాంతపు మట్టిని సెలైన్‌లో (ఉప్పునీటిలో) కలిపి, కరిగిన అగర్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) పోసి ప్లేట్లు తయారుచేశాను. మూడు వారాలు ఫ్రిజ్‌లో పెట్టినా ఒక్క కాలనీ రాలేదు. ఎందుకొస్తుంది? పోసే వేళకు అగర్ 45 డిగ్రీలుంటుంది. అసలైన సైక్రోఫైల్ (చలిని ఇష్టపడే సూక్ష్మజీవి) 20 డిగ్రీలు దాటితే పెరగనే పెరగదు. నా బ్యాక్టీరియాను నేనే ఉడకబెట్టుకున్నాను!

కాబట్టి ప్లేట్లు ముందురోజే పోసి చల్లార్చండి, నమూనాను పైన పరచండి. సెలైన్, పిపెట్ టిప్పులు, పరిచే గాజుకడ్డీ కూడా ఫ్రిజ్‌లోంచే రావాలి.

ప్రోటియేజ్ (ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైము) కావాలంటే అగర్‌లో 1 శాతం వెన్న తీసిన పాలపొడి కలపండి. పాలను విడిగా ఆటోక్లేవ్ చేసి (పీడనం కింద ఆవిరితో క్రిములను చంపి) తర్వాత కలిపితే అడుగున ముద్దకట్టదు. లైపేజ్‌కు (కొవ్వును విడగొట్టేది) ట్రైబ్యుటిరిన్ అనే కొవ్వు, అమైలేజ్‌కు (పిండిపదార్థాన్ని విడగొట్టేది) స్టార్చ్, చివర్లో వలయం కనబడటానికి అయోడిన్. ప్లేట్లను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తలకిందులుగా 4 డిగ్రీల దగ్గర పెట్టి మరిచిపోండి. రెండు మూడు వారాలు పడుతుంది. తీశాక నల్లకాగితం మీద పెట్టి చూడండి: కాలనీ చుట్టూ పాల తెలుపు కరిగి గాజులా కనిపించే వలయమే మీక్కావలసింది.

ఇక్కడే సంబరపడకండి. చలిలో పెరిగినంత మాత్రాన దాని ఎంజైము చలికి తగినదని కాదు. క్యాండిడా అంటార్కిటికా ఈస్టు నుంచి వచ్చిన లైపేజ్ బి పేరులోనే అంటార్కిటికా ఉన్నా, 60 డిగ్రీల్లోనూ హాయిగా పనిచేస్తుంది. ఊరి పేరు చూసి నమ్మకూడదు.

కల్చరును సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను (ఎంజైము ఉండే పై ద్రవాన్ని) 5, 15, 25, 35, 45 డిగ్రీల దగ్గర పరీక్షించండి; ప్రోటియేజ్‌కైతే అజోకేసీన్‌తో (రంగు అతికించిన పాల ప్రోటీన్). బఫరును (పీహెచ్‌ను స్థిరంగా ఉంచే ద్రావణాన్ని) ముందే ఆ ఉష్ణోగ్రతకు తెచ్చుకోండి. లేకపోతే 5 డిగ్రీల అంకె అబద్ధమే. మామూలు ఎంజైము ప్రతి 10 డిగ్రీలు తగ్గేకొద్దీ రెండు మూడు రెట్లు మందగిస్తుంది. మీది 5 డిగ్రీల దగ్గర కూడా గణనీయంగా పనిచేస్తూ, 50 డిగ్రీల్లో పది నిమిషాలకే చచ్చిపోతే దొరికినట్టే.

ఆ చావును లోపమనుకోకండి. చలిలో కదలడానికి వదులుగా ఉన్న నిర్మాణమే వేడికి విడిపోతుంది. డీఎన్‌ఏ చివర్ల ఫాస్ఫేట్లు తీసే అంటార్కిటిక్ ఫాస్ఫటేజ్‌ను పని అయ్యాక వేడిచేసి ఆపేయడం అందుకే తేలిక. పాలలో లాక్టోజ్‌ను ఫ్రిజ్ చలిలోనే విడగొట్టాలన్నా ఇలాంటి ఎంజైమే కావాలి. బట్టల పొడికైతే మాత్రం పీహెచ్ 10 బఫరులో, డిటర్జెంటు కలిపి, మళ్లీ మొదటినుంచి పరీక్షించండి. నా వలయాల్లో సగం అక్కడే రాలిపోయాయి.