నిజాం ఓడ జెండా: అసలుదో కాదో చూసేదెలా, దాచేదెలా

రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ నిజాం పేరు పెట్టుకుని డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక ఒకటి సముద్రాల్లో తిరిగింది. దాని పేరు హెచ్‌ఎంఏఎస్ నిజాం (హెచ్‌ఎంఏఎస్ అనేది ఆస్ట్రేలియా యుద్ధనౌకల పేర్ల ముందు పెట్టే అక్షరాలు). స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టింది. 1941 జనవరి 8న ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరింది. కాబట్టి హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్‌లోనో, తాతగారి ట్రంకు పెట్టెలోనో ఎర్ర శిలువ ఉన్న తెల్ల జెండా దొరికితే, అది నిజాం ఓడదేనన్న మాట వెంటనే పుట్టుకొస్తుంది. మాట నమ్మే ముందు గుడ్డను చూడండి. ఉతకడం, ఇస్త్రీ చేయడం లాంటివి ఇప్పుడే వద్దు.

ముందు పై మూల చూడాలి. ఆస్ట్రేలియా ఓడ కదా అని నీలి నక్షత్రాలు వెతికితే బోల్తా పడతారు. ఆ దేశపు యుద్ధనౌకలు 1967 మార్చి 1 దాకా బ్రిటిష్ నౌకాదళ జెండా అయిన వైట్ ఎన్‌సైన్‌నే ఎగరేశాయి: తెల్ల గుడ్డ, నిలువుగా అడ్డంగా ఎర్ర శిలువ, కర్ర వైపు పై మూలలో యూనియన్ జాక్. నక్షత్రాలున్న జెండా ఈ ఓడది అయ్యే వీల్లేదు, 1955లోనే దాన్ని తుక్కు కింద విడగొట్టడం మొదలుపెట్టారు. మూలలో మన మువ్వన్నెల జెండా ఉంటే అది 1950 జనవరి 26 తర్వాతి భారత నౌకాదళానిది. అది 1971 పాకిస్తాన్ యుద్ధం నాటిదని ఎవరైనా చెబితే ఇది గుర్తుంచుకోండి: ఆ యుద్ధంలో మన ఓడల మీద ఎగిరింది మువ్వన్నెలు, ఎర్ర శిలువ మాత్రమే ఉన్న జెండా. శిలువ మధ్యలో నాలుగు సింహాలుంటే అది 2004 తర్వాతిది, దానికి 1971 కథ అతకదు.

తర్వాత గుడ్డ. ఆ కాలపు నౌకాదళ జెండాలు ఎక్కువగా బంటింగ్ అనే పలచని ఉన్ని నేతతో, ముక్కలు కలిపి కుట్టినవి. చిరిగిన అంచు నుంచి అరంగుళం పోగు ఒక్కటి తీసి, జెండాకు దూరంగా పట్టకారుతో కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిగా నలిగితే ఉన్ని. కాగితం కాలిన వాసనైతే నూలు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే సింథటిక్. పాలిస్టర్ జెండాకు 1945 కథ చెబితే నవ్వి పక్కన పెట్టేయొచ్చు. కుట్టు దారాన్నీ ఇలాగే చూడాలి, గుడ్డ పాతదై కుట్టు కొత్తదైతే ఎవరో తర్వాత మార్చినట్టే. నోట్లు పరీక్షించే యూవీ టార్చి కొంతవరకే పనికొస్తుంది. ఈ కాలపు తెల్ల గుడ్డ నీలంగా మెరుస్తుంది నిజమే, కానీ అసలు పాత జెండాను ఎవరైనా సర్ఫ్‌తో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమాచారం కర్ర వైపు అంచులో ఉంటుంది. అక్కడ మందపాటి కాన్వాస్ పట్టీ, లోపల తాడు, పైన టాగిల్ అనే చిన్న చెక్క బిరడా గానీ లోహపు క్లిప్ గానీ ఉంటాయి. పట్టీ మీద నల్ల సిరా ముద్రలు వెతకండి: బ్రిటిష్ ప్రభుత్వ సామానుకు వేసే బాణం గుర్తు, తయారీదారు పేరు, ఏడాది, సైజు. సైజును బ్రెడ్త్‌లలో రాసేవారు, ఒక బ్రెడ్త్ 9 అంగుళాలు. 6 బ్రెడ్త్‌ల జెండా ఎత్తు 54 అంగుళాలు, పొడవు దానికి రెట్టింపు 108. మీ జెండా ఎత్తు 54 ఉండి పొడవు 97కే ఆగిందా? కంగారు పడకండి. గాలికి కొస చింపిరి అవుతుంటే, ఆ ముక్క కత్తిరించి మళ్లీ మడిచి కుట్టేవారు. అది వాడిన జెండా అనడానికి మంచి గుర్తు. ముద్ర మసకగా ఉంటే తడి చెయ్యి పెట్టొద్దు, పక్క నుంచి టార్చి వేసి ఫొటో తీయండి.

ఇంత చేసినా ఓడ పేరు జెండా మీద దొరకకపోవచ్చు. ఆ పేరు చెప్పాల్సింది కాగితం: ఉత్తరం, సర్వీసు పుస్తకం, ఫొటో. అందులోని తేదీలను ఓడ ప్రయాణంతో పోల్చండి. నిజాం 1941లో గ్రీసు ద్వీపం క్రీట్ నుంచి సైనికులను తరలించింది, లిబియాలోని టోబ్రూక్ రేవుకు సామాను చేరవేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొస దగ్గర పెద్ద అల కొట్టి పది మంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. జపాన్ లొంగిపోయిన 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో ఉంది. అక్టోబరులో బ్రిటన్‌కు తిరిగి ఇచ్చేశారు. కాగితం మీద "హెచ్‌ఎంఏఎస్ నిజాం, 1946" అని ఉంటే తేడా ఉన్నట్టే. ఓడ నెలవారీ నివేదికలు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఏడబ్ల్యూఎం78 అనే వరుసలో ఉంటాయి. కాగితం లేని జెండాను "ఆ కాలపు వైట్ ఎన్‌సైన్" అనడమే న్యాయం.

ఇక దాచడం. ఎర్ర రంగు తెల్లలోకి దిగితే వెనక్కి రాదు, ఇంట్లో ఉతక్కండి. దుమ్ము తీయడానికి వాక్యూమ్ గొట్టానికి దోమతెర గుడ్డ కట్టి, తక్కువ వేగంతో, గుడ్డకు తగలకుండా పైపైన లాగండి. పొగ మసి వదలకపోతే వదిలేయండి, అది కూడా ఓడ జ్ఞాపకమే. చిమ్మట కొట్టిన కన్నాలుంటే పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు, విప్పితే గుడ్డ మీద చెమ్మ పడుతుంది. కలరా ఉండలు గుడ్డలో వేసి మూటకట్టే అలవాటు మానండి.

మడతల దగ్గరే ఉన్ని తెగుతుంది కాబట్టి చుట్టి పెట్టాలి. పత్తర్‌గట్టీ బట్టల కొట్లో తాను చుట్టే అట్ట గొట్టం అడిగితే ఇస్తారు, కనీసం నాలుగంగుళాల లావుది తెచ్చుకోండి. అట్టలో ఆమ్లం ఉంటుంది, అందుకని ముందు దాని మీద పాలిస్టర్ ఫిల్మ్, ఆపైన గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టిన మల్లుగుడ్డ చుట్టండి. తర్వాత జెండా, మళ్లీ మల్లుగుడ్డ. వానాకాలంలో బయటి గోడకు ఆనిన బీరువాలో, ఎండాకాలంలో కూలర్ గదిలో పెట్టకండి, రెండుచోట్లా చెమ్మే. చిరుగులు పెద్దవైతే సూది పట్టే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ పని చేసేవారి సలహా అడిగి చూడండి.

చివరగా ఒక నాడా ముక్క మీద పెన్సిల్‌తో రాసి పైగుడ్డకు కుట్టండి, జెండాకు కాదు: "వైట్ ఎన్‌సైన్, ఉన్ని, 54 × 97 అంగుళాలు, కొస కత్తిరించి కుట్టినది, బాణం ముద్ర ఉంది, ఏడాది చదవడం కుదరలేదు. నిజాం ఓడదని ఇంట్లో చెప్పుకుంటారు, కాగితం లేదు."