రోహిణి కార్తెలో మంచు: సియాటెల్ వెళ్లే మన పిల్లలకు కొండ చెరువుల సంగతి

ఏటా ఎండాకాలం ముగిసే వేళకి నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి సియాటెల్‌కి చదువుకో ఉద్యోగానికో బయల్దేరే పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి పోతుంటారు. నేను అక్కడ పదకొండేళ్లు ఉండి వచ్చానని ఎవరో చెప్పి పంపుతారు. అద్దె ఇల్లు ఎట్లా వెతకాలి, లైసెన్సుకి ఏం చెయ్యాలి, కుక్కరు ఇక్కణ్ణించే తీసుకుపోవాలా అని అడుగుతారు. అవి చెప్పేవాళ్లు అక్కడ చాలామంది దొరుకుతారు. నేను మాత్రం వాళ్లని కూర్చోబెట్టి కొండల మీది చెరువుల గురించి చెబుతాను. వెళ్లిన నాలుగు వారాల్లోపే ఎవరో ఒకరు "శనివారం లేక్‌కి పోతున్నాం, వస్తావా?" అని పిలుస్తారు. ఫోటోలో అద్దంలాంటి నీళ్లు, వెనక కొండ. మన పిల్లలు టీషర్టు, జీన్సు, మామూలు బూట్లతో కారెక్కేస్తారు. మొదటిసారి నేనూ అట్లాగే ఎక్కాను.

అది మే నెలాఖరు. అక్కడ మే చివరి సోమవారం మెమోరియల్ డే సెలవు, మూడు రోజులు వరసగా కలిసొస్తాయి. ఇక్కడ అప్పుడు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. సియాటెల్‌లో కూడా ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. స్నో లేక్‌కి పోదామన్నారు. మంచు ఉంటుందేమోనని ఒకడు అనుమానపడితే, "మే నెలాఖరుకి మంచు యాడుంటదిరా" అన్నది నేనే. ఐ-90 రోడ్డులో 52వ ఎగ్జిట్ దగ్గర దిగి, ఆల్పెంటల్ పార్కింగ్‌లో కారాపి నడక మొదలుపెట్టాం. అరగంటకి అక్కడక్కడా మంచు. గంట గడిచేసరికి కాలిబాటే లేదు, ముందు పోయినవాళ్ల అడుగులు తప్ప. ఒకచోట కాళ్ల కింద నుంచి గుడగుడమని నీళ్ల చప్పుడు వినపడింది. అదేమిటని ఎవరమూ ఆగి ఆలోచించలేదు. రెండడుగులు వేశాడో లేదో, మాలో ఒకడి కుడికాలు తొడదాకా దిగబడిపోయింది. కింద వాగు పారుతోంది, పైన మంచు పెంకు, మధ్యలో ఖాళీ. ఇద్దరం చంకల కింద చేతులు వేసి లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి పెట్టి తీశాం. తడిసిన జీన్సు కాలికి అతుక్కుపోయి వాడు గజగజ వణుకుతుంటే, నా పొడి టీషర్టు విప్పి వాడి కాలికి చుట్టి వెనక్కి నడిపించుకొచ్చాం. ఆ రోజు చెరువు చూడలేదు.

కింద ఎండ, పైన చలికాలం

ఉదయగిరి దుర్గం ఎక్కినవాళ్లకి ఒక లెక్క చెబుతాను. ఆ కొండ నెత్తి సముద్రమట్టానికి 3,000 అడుగుల పైన. స్నో లేక్‌కి పోయేవాళ్లు కారాపే చోటే దాదాపు అంత ఎత్తు. అక్కణ్ణించి 4,400 అడుగుల దాకా ఎక్కి, కనుమ దాటి, మళ్లీ కిందికి దిగితే చెరువు. రానూపోనూ దాదాపు 7 మైళ్లు. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు 2 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందనుకోండి. సియాటెల్ సముద్రం ఒడ్డునున్న ఊరు. అక్కడ 18 డిగ్రీలుంటే కనుమ మీద 9 దగ్గర ఉంటుంది. గాలి వీస్తే అంతకన్నా చలి.

మంచు ఎందుకంత కాలం ఉంటుందంటే, పసిఫిక్ సముద్రం మీది తడిగాలి కాస్కేడ్ కొండలకి కొట్టుకుని పైకి లేచి, చలికాలమంతా మంచుగా రాలుతుంది. ఐ-90 రోడ్డు దాటే స్నోక్వాల్మీ కనుమ దగ్గర ఒక్క చలికాలంలో సగటున 400 అంగుళాలకు అటూఇటూగా పడుతుంది. అదంతా అణిగి గట్టిపడి, నీడపట్టున ఉన్న వాలుల్లో జూన్ దాకా, కొన్నిచోట్ల జులై దాకా ఉంటుంది. అందుకే ఫోన్లో సియాటెల్ వాతావరణం చూసి బయల్దేరకూడదు. పోయే చెరువు పేరు పెట్టి, ఆ ఎత్తుకి చూడాలి.

ఇంకా మంచి దారి ఉంది. వాషింగ్టన్ ట్రయల్స్ అసోసియేషన్ అని 1966 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది. వాళ్ల సైట్లో ఏ కాలిబాటకి ఆ బాట పేజీ ఉంటుంది. నిన్నో మొన్ననో పోయొచ్చినవాళ్లు మంచు ఎక్కడ మొదలైంది, వాగు మీద దుంగ ఉందా కొట్టుకుపోయిందా, దోమలెట్లా ఉన్నాయి అని రాసి, ఫోటోలు పెడతారు. నాలుగైదు చదవండి. నెల కిందటిది పనికిరాదు. పోయినేడు ఇదే తేదీన రాసింది అసలే పనికిరాదు, ఒక ఏడాది మంచు ఇంకో ఏడాది ఉండదు. మీరూ పోయొచ్చాక నాలుగు ముక్కలు రాయండి. మీ తర్వాత పోయేవాడికి అదే ఆధారం.

ఎండ కాస్తే పొంగే వాగు

మన పిల్లలకి వాగులు కొత్త కాదు. వెలిగొండల్లో వాన పడితే పెంచలకోన దగ్గర వాగు ఎట్లా మారుతుందో చూసినవాళ్లే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగిపోవడం మనందరికీ గుర్తే. వాన వస్తే వాగు వస్తుందని మన ఒంటికి తెలుసు. ఆ తెలివే అక్కడ మోసం చేస్తుంది. మే, జూన్ నెలల్లో అక్కడి వాగుకి వాన అక్కర్లేదు. పొద్దున్నుంచి ఎండ కాస్తే పైన మంచు కరిగి, ఆ నీళ్లు మధ్యాహ్నానికి, సాయంత్రానికి కిందికి చేరతాయి. ఎంత బాగా ఎండ కాస్తే వాగు అంత పెరుగుతుంది. పొద్దున 8 గంటలకి రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ దాటిన వాగు, తిరిగొచ్చే 4 గంటలకి మోకాలి పైన ఉండొచ్చు. ఆ నీళ్లు ఐస్ నీళ్లు, నిమిషంలో కాళ్లు మొద్దుబారతాయి. పోయేటప్పుడు దాటే ప్రతి వాగు దగ్గరా ఒక్క క్షణం నిలబడి, ఇది జానెడు పెరిగితే నేను దాటగలనా అని చూసుకోండి. దాటలేననిపిస్తే అక్కడే ఆగండి.

మంచు మీద నడుస్తుంటే కింద నీళ్ల చప్పుడు వినపడితే పక్కకి తప్పుకోండి. పెద్ద బండలు, చెట్ల మొదళ్లు, దుంగల పక్కన మంచు లోలోపల కరిగి బోలుగా ఉంటుంది. మంచు గుహలు కనిపిస్తే లోపలికి పోయి ఫోటో దిగాలనిపిస్తుంది. బిగ్ ఫోర్ ఐస్ కేవ్స్ దగ్గర 2010లో మంచు గడ్డ విరిగిపడి, మళ్లీ 2015లో గుహ కూలి మనుషులు చనిపోయారు. అక్కడ హెచ్చరిక బోర్డులున్నాయి. దూరం నుంచి చూసి రండి.

చెరువు దగ్గరికి చేరాక ఇంకో మాట. మన పిల్లలు బావుల్లో, కాలవల్లో ఈత నేర్చినవాళ్లు. నీళ్లు చూస్తే ఆగలేరు. జులైలో చెరువు మీద ఎండ కాస్తున్నా ఆ నీళ్లు కరిగిన మంచే. దూకగానే గుండె ఆగినంత పనై, అప్రయత్నంగా నోరు తెరిచి గాలి పీలుస్తారు. తల నీళ్ల కింద ఉంటే గాలికి బదులు నీళ్లు పోతాయి. గజ ఈతగాడికైనా ఇదే. విదేశంలో నీళ్లలో పోయిన మన పిల్లల వార్త విన్నప్పుడల్లా ఆ ఇల్లు తలుచుకుని నాకు అన్నం సయించదు. దూకొద్దు. ఒడ్డున కూర్చుని కాళ్లు పెట్టండి చాలు. చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద ఎవరి అడుగులు కనపడినా మీరు అడుగు పెట్టొద్దు.

ఏ నెలలో ఎటు

జులై మూడో వారం నుంచి సెప్టెంబరు చివరిదాకా మీ కాలం. జులైలో దోమలెక్కువ. ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవులు తగలబడి పొగ కమ్ముకునే రోజులుంటాయి, గాలి నాణ్యత చూసుకుని పోవాలి. మొట్టమొదటిసారికి టాలపస్ లేక్ బాగుంటుంది, అడవి నీడలో మెల్లగా ఎక్కే దారి. స్నో లేక్ ఆ తర్వాత. కోల్చక్ లేక్ రానూపోనూ 8 మైళ్లు, 2,000 అడుగులకు పైగా ఎక్కుడు. కాళ్లు అలవాటుపడ్డాకే.

అక్టోబరులో లార్చ్ అనే సూదాకుల చెట్లు పసుపు కొమ్ముల రంగుకి తిరుగుతాయి. దసరా, దీపావళి మధ్య ఇంటి మీద బెంగ పట్టే రోజుల్లో ఆ రంగు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ పొద్దు తగ్గిపోతుంది. జూన్‌లో రాత్రి 9 దాటినా వెలుగుండే ఊళ్లో నవంబరు సగానికి సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం. నెల్లూరులో పొద్దుగూకే వేళ ఏడాది మొత్తంలో గంటకి అటూఇటూగానే మారుతుంది కాబట్టి ఈ సంగతి మనకి తట్టదు. తలకి కట్టుకునే లైటు సంచిలో ఉండాల్సిందే, ఫోన్ లైటు చాలదు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పై చెరువుల జోలికి పోవద్దు. వేసవిలో పిల్లలు నడిచే స్నో లేక్ బాట చలికాలంలో అవలాంచ్‌లు, అంటే మంచు చరియలు, విరిగిపడే వాలుల కిందుగా పోతుంది. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజూ ప్రమాదం స్థాయి చెబుతుంది, కానీ అది చదివి అర్థం చేసుకోవడానికే శిక్షణ కావాలి. ఆ నెలల్లో నార్త్ బెండ్ దగ్గర రాటిల్‌స్నేక్ లేక్‌కి పోండి. కిందనే ఉంటుంది, చాలా రోజులు మంచుండదు.

సంచి, బట్టలు, తిండి

ఇక్కడ ఒంటికి హాయినిచ్చే నూలు బట్ట అక్కడ శత్రువు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. జీన్సు మరీ. పాలిస్టర్ లోపల, ఉన్నిదో ఫ్లీస్‌దో మధ్యలో, వానకి ఆగే జాకెట్ పైన. ఇవి నెల్లూరులో కొని మోసుకుపోవద్దు, అక్కడే సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. బూట్లకి తొడుక్కునే మైక్రోస్పైక్స్ గట్టిబడిన మంచు మీద పట్టునిస్తాయి. మెత్తటి మంచులో దిగబడకుండా మాత్రం ఆపలేవు. సియాటెల్‌లోని మౌంటనీర్స్ సంఘం 1930లలోనే కొండకి తీసుకుపోవాల్సిన పది వస్తువుల జాబితా తయారుచేసింది. దిక్సూచి, మ్యాపు, లైటు, అగ్గిపెట్టె, అదనపు బట్ట, అదనపు తిండి అందులోవే. ఫోన్‌కి చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి.

తిండికి పులిహోరని మించింది లేదు. వేరుశనగ చిక్కీ, ఇంటి నుంచి వచ్చిన మలైకాజా ఉంటే అదీ పెట్టుకోండి. చలిలో తీపి ఒంటికి అవసరం. ఆకులు, తొక్కలు, కాగితాలు తిరిగి సంచిలోనే రావాలి.

పార్కింగ్‌కి పాస్ కావాలి. జాతీయ అడవిలో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్, రోజుకో ఏడాదికో కొనుక్కోవచ్చు. రాష్ట్ర పార్కులకి డిస్కవర్ పాస్ వేరే, ఒకటి ఇంకోచోట చెల్లదు. కారులో పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్ వదలొద్దు. అద్దాలు పగలగొట్టే దొంగతనాలు ఎక్కువ.

వెనక్కి తిరిగే గంట

బయల్దేరే ముందే ఒక గంట అనుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట అనుకుంటే, చెరువు కనపడుతున్నా ఒంటిగంటకి తిరగాల్సిందే. స్నో లేక్‌లాంటి చోట తిరుగు ప్రయాణమే ఎక్కుడుతో మొదలవుతుంది, ఆ ఓపిక మిగిలి ఉండాలి. "ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. గుంపులో అందరికన్నా అలిసిపోయినవాడి మాటే చెల్లాలని పొద్దున్నే ఒప్పుకుని బయల్దేరితే ఆ వాదన రాదు.

దారి తప్పినా, కాలు విరిగినా 911కి ఫోన్ చెయ్యండి, మెసేజ్ పంపినా చాలు. బిల్లేస్తారేమో, వీసాకి చిక్కేమోనని మన పిల్లలు వెనకాడతారు. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో వెతికి కిందికి తెచ్చినందుకు డబ్బు అడగరు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు. వీసాతో దానికి సంబంధం లేదు. తర్వాత ఆంబులెన్సు, ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్స్ సంగతి.

ఎక్కడికి పోతున్నారో, కారు నంబరు ఏమిటో, ఎన్నింటికి రాకపోతే 911కి చెప్పాలో అక్కడే ఉన్న ఒక స్నేహితుడికి రాసిపెట్టండి. ఇక్కడున్న అమ్మకి కాదు, ఆమె ఏం చెయ్యగలదు పాపం. అమ్మకి మాత్రం కిందికి దిగి సిగ్నల్ రాగానే ఒక ఫోటో పెట్టండి. వేసవిలో అక్కడ శనివారం సాయంత్రం 6 అయితే ఇక్కడ ఆదివారం పొద్దున 6:30. అప్పటికి లేచి, వాకిట్లో ముగ్గు వేసి, ఫోన్ చూసుకుంటూ ఉంటుంది.