పూర్వ విద్యార్థుల జాబితాను విరాళాల పనికి ఎలా సిద్ధం చేయాలి?

విజయనగరంలో మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం లెక్కలు పదకొండేళ్లుగా నేనే చూస్తున్నాను. శ్రీకాకుళం, రాజాం, బొబ్బిలి కాలేజీల వాళ్లు కూడా పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎవరు విరాళం ఇస్తారో డేటా చూసి చెప్పండి." ఫైలు తెరిస్తే ఒకే మనిషి మూడు వరసల్లో ఉంటాడు. చనిపోయినవాళ్లు బతికి ఉంటారు, బతికున్నవాళ్ల చిరునామా ముప్పై ఏళ్ల నాటిది. అలాంటి జాబితా మీద ఎంత గొప్ప విశ్లేషణ చేసినా దండగే. అందుకే ఇక్కడ ఎక్కువగా ఒకే మనిషివైన వరసలు కలపడం గురించే రాస్తున్నాను. మిగతాదంతా దాని తర్వాతే.

కావలసినవి

ఒక ల్యాప్‌టాప్, ఎక్సెల్. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, పాత రీయూనియన్ల హాజరు కాగితాలు, రసీదు పుస్తకాలు. ప్రిన్సిపాల్ గారి నుంచి రాతపూర్వక అనుమతి. వీలైతే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక గుమాస్తా గారు. సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటి రెండేళ్లు కొనకూడదు. కొన్నవాళ్లందరూ తప్పుల జాబితానే అందులోకి ఎక్కించి, ఏటా చందా కడుతూ కూర్చున్నారు. వాట్సాప్ గ్రూపును జాబితా అనుకోవడం కూడా పొరపాటే. అందులో మాట్లాడేవాళ్లే కనిపిస్తారు, మౌనంగా ఉండి ఇచ్చేవాళ్లు కనిపించరు.

నింపడం

ఒక్కొక్కరికి ఒక్క వరస, ఎప్పటికీ మారని ఒక సంఘం నంబరు. రిజిస్టరులో ఉన్న పేరు, ఇప్పుడు వాడుతున్న పేరు, తండ్రి పేరు, గ్రూపు, చేరిన ఏడాది, ముగించిన ఏడాది, సొంతూరు, ఉంటున్న ఊరు, ఫోన్, వృత్తి, పాస్‌పోర్టు ఏ దేశానిది, ఈ వివరం ఎవరు ఎప్పుడు చెప్పారు. విరాళాలు మాత్రం వేరే షీటులో రాయండి. ప్రతి రసీదుకూ ఒక వరస, తేదీ, మొత్తం, దేనికోసం ఇచ్చారో. ఫోన్, హాల్‌టికెట్ నంబర్ల గడులను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. లేకపోతే 08922తో మొదలయ్యే మన ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు సున్నాను ఎక్సెల్ మింగేస్తుంది.

కులం గడి పెట్టకూడదు. ఎవరు ఎంత బతిమాలినా సరే. పెట్టిన రోజునే మీ సంఘం రెండుగా చీలుతుంది. ఆధార్ నంబరు కూడా అడగవద్దు.

ఇద్దరా, ఒక్కరా? అసలు పని ఇదే

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా పాడవుతుంది.

మన దగ్గర సింహాచలం అప్పన్న, పైడితల్లి అమ్మవారు, అరసవల్లి సూర్యనారాయణస్వామి పేర్లు ఇంటింటా ఉంటాయి. ఒక్క బ్యాచిలోనే నలుగురు అప్పలనాయుళ్లు, ముగ్గురు సూర్యనారాయణలు తగులుతారు. సింహాచలం అన్న పేరు చూసి మగవారో ఆడవారో కూడా చెప్పలేం. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసేసరికి ‘పి’ అంటే ఏ ఇంటివారో తెలియదు. ఇంగ్లీషులో రాసినప్పుడు లక్ష్మి ఒకచోట ‘ఎక్స్’తో, ఇంకోచోట ‘కేఎస్‌హెచ్’తో ఉంటుంది. కంప్యూటర్‌కు వాళ్లు ఇద్దరు. పేరు అచ్చంగా ఒకటే ఉన్న ఇద్దరు అప్పలనాయుళ్లు మాత్రం దానికి ఒక్కరే.

పుట్టిన తేదీని నమ్ముకుందామంటే పాత రిజిస్టర్లలో జూలై 1 పేజీల కొద్దీ ఉంటుంది. బడిలో చేర్చిన రోజున మాస్టారు వేసిన తేదీ అది. ఫోన్ నంబరు ఒకటే అయినా మనిషి ఒక్కరే అనుకోకూడదు. అన్నదమ్ములు ఇంటి నంబరే రాసిచ్చి ఉంటారు. మన కాలేజీలోనే చదివి పెళ్లి చేసుకున్న దంపతులు ఒకే నంబరు ఇస్తారు.

ఊరి విషయంలో జిల్లాను అసలు చూడవద్దు. పార్వతీపురం విద్యార్థి 1975లో చేరితే రిజిస్టరులో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాక చేరిన తమ్ముడికి విజయనగరం జిల్లా. ఇప్పుడు వాళ్ల పిల్లలు రాసేది పార్వతీపురం మన్యం జిల్లా, అది 2022 ఏప్రిల్ 4న వచ్చింది. ఇల్లు కదలలేదు, జిల్లా మాత్రం రెండుసార్లు మారింది. రాజాం కూడా అదే 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకు ముందువాళ్లకు తాలూకా పేరే ఉంటుంది. అందుకని పోల్చేటప్పుడు ఊరి పేరొక్కటే చూడండి.

ఆడపిల్లల విషయం వేరు. రిజిస్టరులో పుట్టింటి పేరు, రీయూనియన్ కాగితంలో అత్తవారింటి పేరు. పేరుతో వెతికి ‘దొరకలేదు’ అని వదిలేస్తారు. తర్వాత సమావేశంలో ‘మన ఆడవాళ్లు ముందుకు రారు’ అంటారు. వాళ్లు రాకపోవడం కాదు, మీరు పిలవలేదు. తండ్రి పేరు, గ్రూపు, ఏడాదితో వెతికితే దొరుకుతారు. ఉత్తరం మీద ఏ పేరు రాయాలో వాళ్లనే అడగండి.

ఇక పద్ధతి చెబుతాను. ముందు ఫైలుకు నకలు తీసి పేరులో తేదీ పెట్టండి. అడ్మిషన్ నంబరు, చేరిన ఏడాది రెండూ కలిస్తే మనిషి ఒక్కరే, ఆలోచించక్కర్లేదు. అది లేనిచోట తండ్రి పేరు, గ్రూపు, ముగించిన ఏడాది, ఊరు, పుట్టిన తేదీ అనే ఐదింటిలో మూడైనా కలవాలి, ఆ మూడింటిలో తండ్రి పేరు తప్పనిసరి. అప్పుడు కూడా కలపవద్దు, ‘అనుమానం’ అని గుర్తు పెట్టండి. ఆ వరసలన్నీ పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, ఆ బ్యాచివాళ్లు ఐదుగురిని ఒక ఆదివారం కూర్చోబెట్టండి. "వీడు హాస్టల్లో ఉండేవాడు, ఆయన నెల్లిమర్ల నుంచి రోజూ రైలెక్కి వచ్చేవాడు, ఇద్దరూ వేరు" అని వాళ్లు నిమిషంలో తేలుస్తారు. స్క్రీన్ మీద చూపిస్తే ఎవరూ శ్రద్ధగా చూడరు, కాగితమే ఇవ్వాలి. వాళ్లు తేల్చాకే కలపండి. కలిపాక కూడా పాత వరసను తుడిచేయవద్దు. ‘ఫలానా నంబరులో కలిపాం’ అని రాసి పక్కన ఉంచండి. విడిగా ఉన్న ఇద్దరిని ఎప్పుడైనా కలపవచ్చు. తప్పుగా కలిపేసిన ఇద్దరిని విడదీయడం దాదాపు అసాధ్యం.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదటి ఏడాది పేరు, గ్రూపు, ఊరు చూసి ఇద్దరిని ఒకే వరసలో పెట్టేశాను. వాళ్లు పెదనాన్న, చిన్నాన్న పిల్లలు. తాతగారి పేరే ఇద్దరికీ పెట్టారు. ఒకాయన చనిపోయారని తెలిసి ఆ వరసకు ‘దివంగత’ అని రాశాను. రెండో ఆయనకు నాలుగేళ్లు ఒక్క ఆహ్వానం కూడా వెళ్లలేదు. స్నేహితుడి వెంట ఒక రీయూనియన్‌కు వచ్చి, "నన్ను ఎందుకు మరచిపోయారు బాబూ?" అని అడిగారు. ఆ రోజు నేను చెప్పగలిగిన సమాధానం లేదు. తండ్రి పేరు తప్పనిసరి అన్న నియమం అప్పటి నుంచే పెట్టుకున్నాను.

చనిపోయినవారి వరస కూడా తీసేయకూడదు. గుర్తు పెట్టి, విరాళం అడిగే ఉత్తరాల జాబితా నుంచి మాత్రం తప్పించాలి. వాళ్ల పిల్లలు తండ్రి పేరున బహుమతి పెట్టాలని వచ్చినప్పుడు ఆయన ఏ ఏడాది, ఏ గ్రూపు చదివారో మీ దగ్గరే ఉండాలి.

మార్కులు వేయడం

జాబితా శుభ్రమైతే ఇది ఒక మధ్యాహ్నం పని. ఎవరిని ముందు అడగాలో తేల్చడానికి ప్రతి మనిషికీ మూడు చూడండి: చివరిసారి ఎప్పుడు ఇచ్చారు, ఎన్నిసార్లు ఇచ్చారు, ఎంత ఇచ్చారు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, ‘ఎప్పుడు’ అన్నదానికి రెట్టింపు. అందరూ ‘ఎంత’ అన్నదాన్నే చూస్తారు. పదేళ్ల కిందట లక్ష ఇచ్చి మళ్లీ పలకనివారి కన్నా ఏటా ఐదువందలు పంపే స్కూలు మాస్టారు నాకు ముందు. నాలుగో గడి కూడా చేర్చండి: రీయూనియన్‌కు వచ్చారా, పిల్లలకు పాఠం చెప్పారా, ఇంటర్న్‌షిప్ ఇప్పించారా. డబ్బు ఇవ్వకపోయినా ఈ గడిలో మార్కులున్నవారినే నేను మొదట కలుస్తాను.

సగటు చూసి మోసపోవద్దు. తొమ్మిదిమంది ఐదువందల చొప్పున, ఒకరు లక్ష ఇస్తే సగటు 10,450 వస్తుంది. ఆ పదివేలు ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు. మొత్తాలను వరసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని చూస్తే అది 500. ఉత్తరంలో అడగాల్సింది దాన్ని బట్టే. ఎంత శాతం ఇచ్చారన్న లెక్క కూడా మొత్తం జాబితా మీద కాదు, ఉత్తరమో ఫోనో నిజంగా చేరినవారి మీద వేయాలి.

‘దేనికోసం’ గడి ఎందుకంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక చాలామంది జీవితంలో మొదటిసారి ఇచ్చారు. దాన్ని మామూలు విరాళాల్లో కలిపితే మరుసటి ఏడాది గ్రాఫు పడిపోయినట్టు కనిపించి, కమిటీలో అనవసరమైన టెన్షన్. ఆ తుపానుకు కూలిన ఉద్దానం కొబ్బరితోటల కోసం ఇచ్చినవారు లైబ్రరీ కోసం ఇస్తామని మాట ఇవ్వలేదు.

రెండు రకాల ఉత్తరాల్లో ఏది మేలో తెలుసుకోవాలంటే సంఘం నంబరు సరి అయినవారికి ఒకటి, బేసి అయినవారికి ఒకటి పంపండి. మనకు నచ్చినవారికి ఒకటి, మిగతావారికి ఇంకొకటి పంపితే అది పరీక్ష కాదు. చెరో వందమందికి పంపి ఒకదానికి తొమ్మిదిమంది, ఇంకోదానికి పన్నెండుమంది స్పందిస్తే తేడా ఏమీ తేలనట్టే. ఏ ఉత్తరమైనా తెలుగులోనే రాయాలి.

కాలేజీ వయసును బట్టి కూడా అడిగేది మారుతుంది. విజయనగరం మహారాజా కళాశాల 1879 నాటిది. అలాంటి చోట మనవల ద్వారా తాతలను వెతకాలి. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకు ముందు అక్కడ ఉన్నది ఆంధ్రా విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం. 2008 తర్వాత చదివినవాళ్లు చాలామంది ఇంకా ఇంటి అప్పు కడుతుంటారు. వాళ్లను డబ్బు అడగవద్దు, జూనియర్లకు ఇంటర్వ్యూ నేర్పే ఒక గంట అడగండి.

డబ్బు వచ్చే ముందు

పాస్‌పోర్టు గడి ఇక్కడ పనికొస్తుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టుతో దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ లెక్కలోకి రాదు. నగదు 2,000 రూపాయలు దాటితే దాతకు పన్ను మినహాయింపు రాదు కాబట్టి అది కూడా ముందే చెప్పండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం వివరాలు దేనికి వాడుతున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వద్దన్నవారి నంబరుకు మళ్లీ ఫోన్ చేయకూడదు.

ఫోన్లు

సంక్రాంతికీ, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికీ ఊరు వచ్చేవాళ్లను ఆ పది రోజుల్లోనే కలవండి. మిగతావారికి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు లోపు ఫోన్ చేయాలి, సాయంత్రం చేయకూడదు. పోయిన ఏడాది ఇచ్చి ఈ ఏడాది ఇవ్వనివారితో మొదలుపెట్టండి. వాళ్లు ఇచ్చిన డబ్బుతో ఏ పిల్ల ఫీజు కట్టారో, ఏ గదికి ఫ్యాన్లు వేశారో చెప్పండి. మొదటి ఫోన్‌లో డబ్బు మాట ఎత్తవద్దు. ఫోన్ పెట్టేశాక వాళ్లు చెప్పిన కొత్త ఊరు, మారిన ఉద్యోగం, పిల్లల చదువు, "మా క్లాసులో ఫలానావాడు పోయాడు" అన్న కబురు, అన్నీ ఆ రాత్రికే షీటులో రాయండి. సోమవారానికి సగం గుర్తుండవు.