టేక్‌డౌన్ విల్లు కొనే ముందు మీ డ్రా లెంగ్త్ కొలవండి

విల్లు కొందామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది, ఎన్ని పౌండ్లది తీసుకోవాలి అని, అంటే లాగడానికి ఎంత బలం పట్టేది అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మీరు స్ట్రింగ్‌ని ఎంతవరకు లాగుతారన్నది మొదటిది, డ్రా లెంగ్త్ అంటే అదే. ఆ లాగుడుకి ఎంత పొడుగు విల్లు కావాలన్నది రెండోది. ఈ రెండూ తేలితే పౌండ్ల సంగతి సగం దానంతటదే తేలిపోతుంది.

మాది విజయవాడ. ఇక్కడ ఆర్చరీ అనగానే అందరికీ వెన్నం జ్యోతి సురేఖ గుర్తొస్తుంది. ఆమె వాడేది కాంపౌండ్ విల్లు. దాని కొసల్లో చక్రాలుంటాయి, ఎంత లాగాలన్నది విల్లులోనే బిగించి ఉంటుంది. నేను చెప్పేది కొసలు ముందుకి వంగి ఉండే రికర్వ్ గురించి, అందులోనూ గురి చూసే సైటు, ఊగకుండా ఆపే స్టెబిలైజర్ లాంటివేవీ లేకుండా, విడదీసి సంచీలో వేసుకునే టేక్‌డౌన్ రకం గురించి. మధ్యలో పట్టుకోవడానికి రైజర్, పైనా కిందా వంగే రెండు లింబ్స్, ఒక స్ట్రింగ్, అంతే. ఇందులో లాగుడు ఎక్కడ ఆగాలో చెప్పేది మీ చెయ్యీ, మీ దవడా. కాబట్టి కొలత మీ దగ్గరే తీసుకోవాలి.

సులువైన లెక్క ఒకటుంది. రెండు చేతులూ బారచాపి, ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. నా బార 62 అంగుళాలు, లెక్క ప్రకారం 24.8 వస్తుంది. మా మరిది ఆరడుగులు దాటిన మనిషి, అతని బార 75, లెక్కకి 30. ఇది అంచనా మాత్రమే. దీన్ని నమ్ముకుని డబ్బు పెట్టకండి.

సరైన కొలత విల్లు పట్టుకునే తీసుకోవాలి. 15, 20 పౌండ్లకి మించని తేలిక విల్లు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. పొడవు తగ్గించి కోయించని బాణం ఒకటి కావాలి. పొట్టి బాణంతో కొలిస్తే, లాగేటప్పుడు దాని మొన వెనక్కి వచ్చి బాణం ఆనే రెస్ట్ మీంచి జారి చేతిలోకి దిగే ప్రమాదం ఉంది. చెయ్యి జారినా బాణం పోయి టార్గెట్‌లోనే దిగేలా దానికి ఎదురుగా నిలబడండి. రోజూ ఎలా లాగుతారో అలాగే లాగి, చూపుడువేలు పెదవి మూలకి ఆనాక ఆగండి. ఇప్పుడు రైజర్‌లో మీ అరచెయ్యి ఆనే చోట అన్నిటికంటే లోతైన భాగం ఉంటుంది కదా, సరిగ్గా దానికి పైన బాణం మీద పక్కన నిలబడ్డ మనిషి స్కెచ్ పెన్‌తో గీత పెట్టాలి. తర్వాత బాణం వెనక స్ట్రింగ్ ఇరుక్కునే గాడి లోపలి నుంచి ఆ గీత దాకా కొలిచి, దానికి 1¾ అంగుళాలు కలపండి. కంపెనీలవాళ్ళు డ్రా లెంగ్త్ అని రాసేది ఈ మొత్తాన్నే.

మా మరిదికి నేనే గీత పెట్టాను. మొదటిసారి లాగినప్పుడు మోచెయ్యి కిందికి వాలి, భుజం చెవి దాకా లేచిపోయింది. కొలిస్తే 29 కూడా రాలేదు. "భుజం దించు, వీపుతో లాగు" అన్నాను. నాలుగైదుసార్లు లాగి ఒళ్ళు వదులయ్యాక గీతలన్నీ ఒకచోటికి చేరాయి, కలిపితే 30½. నాది 25½. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి వీపు కండరాలు అలవాటయ్యేకొద్దీ లాగుడు ఇంచుమించు అంగుళం దాకా పెరుగుతుంది. అందుకే మొదటి లాగుడునే కొలతగా రాసుకోకండి. వేలు పెదవి మూలకి ఆనిస్తారా, గడ్డం కిందికి తెస్తారా అన్నదాన్నిబట్టి కూడా కొలత మారుతుంది, ముందు అదొకటి ఖాయం చేసుకోండి.

ఇక విల్లు పొడవు. నా విల్లు 60 అంగుళాలది. నా చేతిలో అది మెత్తగా వస్తుంది. అదే మా మరిది లాగి, "వదినా, ఇదేంటి, చివర్లో గోడకి తగిలినట్టు ఆగిపోతోంది?" అన్నాడు. దీన్ని స్టాకింగ్ అంటారు. లాగేకొద్దీ స్ట్రింగ్‌కీ లింబ్ కొసకీ మధ్య కోణం తెరుచుకుంటూ పోయి, అది 90 డిగ్రీలకి దగ్గరయ్యాక లింబ్‌ని వంచే పట్టు స్ట్రింగ్‌కి తగ్గిపోతుంది. అంతవరకు అంగుళానికి రెండు పౌండ్ల చొప్పున పెరిగిన బరువు ఒక్కసారిగా మూడు, నాలుగు చొప్పున పెరుగుతుంది. పైగా స్ట్రింగ్ వంపు మరీ సూదిగా అయిపోయి వేళ్ళని నొక్కేస్తుంది. పొడుగు మనిషికి పొట్టి విల్లు ఇస్తే గురి కుదరకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. వాళ్ళు మాత్రం ప్రాక్టీస్ చాలలేదనుకుంటారు.

నేను చెప్పే లెక్క ఇది. లాగుడు 26 లోపైతే 58 నుంచి 62 అంగుళాల విల్లు చాలు. 27, 28 అయితే 62 లేదా 64. 29, 30 దగ్గర 66. 31 దాటితే 68 కంటే తక్కువ చూడొద్దు. రెండిటి మధ్య ఊగుతుంటే పొడుగుదే తీసుకోండి. పొట్టి విల్లు చెట్ల మధ్య తిరుగుతూ వేటాడేవాళ్ళకి పనికొస్తుంది, మైదానంలో నిలబడి కొట్టేవాళ్ళకి దానివల్ల లాభం లేదు.

టేక్‌డౌన్‌లో ఈ పొడవుని రైజర్, లింబ్స్ కలిపి తెచ్చుకోవచ్చు. ఐఎల్ఎఫ్ (ఇంటర్నేషనల్ లింబ్ ఫిట్టింగ్) అనే అమరిక ఉన్నవాటిలో ఒక కంపెనీ లింబ్స్ ఇంకో కంపెనీ రైజర్‌కి పడతాయి. 17 అంగుళాల రైజర్‌కి షార్ట్, మీడియం, లాంగ్ లింబ్స్ వేస్తే వరసగా 58, 60, 62 వస్తాయి. 19కి 60, 62, 64. 21కి 62, 64, 66. నాది 17కి మీడియం. మా మరిదికి 21కి లాంగ్ తీసుకున్నాం. బోల్టుతో బిగించే మామూలు చెక్క విల్లుల్లో ఈ సౌకర్యం ఉండదు. అవి చాలావరకు 62 అంగుళాలవే, లింబ్స్ కూడా ఆ మోడల్‌వే కొనాలి. 28 లోపు లాగుడు ఉన్నవాళ్ళు ఆ రకంతో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

పౌండ్లకి వద్దాం. లింబ్ మీద 30 అని రాసి ఉంటే అది 28 అంగుళాలు లాగినప్పటి బరువు. అంగుళం తగ్గితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది, పెరిగితే రెండు పెరుగుతుంది. అంటే 30 అని రాసున్న లింబ్స్ నా వేళ్ళ మీద 25 దగ్గర ఉంటాయి, మా మరిది వేళ్ళ మీద 35. ఇంకో మెలిక కూడా ఉంది. ఐఎల్ఎఫ్ లింబ్స్ మీది అంకె చాలాసార్లు 25 అంగుళాల రైజర్‌కి వేసింది. అదే లింబ్‌ని పొట్టి రైజర్‌కి బిగిస్తే, రైజర్‌లో తగ్గిన ఒక్కో అంగుళానికీ దాదాపు ఒక పౌండు పెరుగుతుంది. ఆ అంకె ఏ రైజర్‌కి వేసిందో షాపువాణ్ణి గుచ్చి గుచ్చి అడగండి.

అనుమానం తీరకపోతే అమెరికా వెళ్ళేవాళ్ళు సూట్‌కేసులు తూచే వేలాడే డిజిటల్ త్రాసు ఉంటుందిగా, దాని కొక్కెం స్ట్రింగ్‌కి తగిలించి మీ గీత దాకా లాగి చూడండి. అంకె కనిపిస్తుంది. మళ్ళీ మెల్లగా వెనక్కి తీసుకెళ్ళాలి. బాణం లేకుండా స్ట్రింగ్ వదిలేస్తే లింబ్స్ పగిలిపోవచ్చు.

వీడియోల్లో 45, 50 పౌండ్లు అని చెబుతుంటే టెన్షన్ పడకండి. అవి ఎక్కువగా అమెరికాలో జింకల వేటకి చెప్పే లెక్కలు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట తీరిపోయింది. ఫోమ్ టార్గెట్‌కి 20 మీటర్ల నుంచి కొట్టడానికి 25 పౌండ్లు పుష్కలం. ఆడవాళ్ళు వేళ్ళ మీద 18 నుంచి 22, మగవాళ్ళు 22 నుంచి 28 మధ్య మొదలుపెడితే చాలు. కుర్చీలో కూర్చుని, విల్లుని ఆకాశంలోకి ఎత్తకుండా నేరుగా లాగి, పది సెకన్లు వణక్కుండా పట్టుకోగలిగితే ఆ బరువు మీదే. వణికితే తగ్గించండి. బలం వచ్చాక రైజర్ అలాగే ఉంచుకుని లింబ్స్ మాత్రం మార్చుకోవచ్చు. టేక్‌డౌన్ కొనేదే అందుకు.

స్ట్రింగ్ పొడవు విల్లు పొడవు కంటే నాలుగు అంగుళాలు తక్కువ ఉండాలి. లింబ్ కొసలు గట్టి చేసినవి కాకపోతే కొద్దిగా సాగే డాక్రాన్ స్ట్రింగే వాడండి. ఎక్కించడానికి స్ట్రింగర్ తాడు తప్పనిసరి, కాలితో తొక్కిపట్టి వంచితే లింబ్ మెలితిరుగుతుంది. ఎక్కించాక స్ట్రింగ్‌కీ రైజర్‌లో ఆ లోతైన చోటుకీ మధ్య దూరం నా 60 అంగుళాల విల్లుకి ఏడున్నర, ఎనిమిది మధ్య ఉంటుంది. స్ట్రింగ్‌కి మెలికలు పెంచుతూ, తగ్గిస్తూ కొట్టి చూస్తే ఒకచోట చప్పుడు తగ్గి చేతికి అదురు రాదు. అక్కడ ఆపండి.

బాణాలు విల్లు చేతికొచ్చాకే కొనండి. కొత్తలో లాగుడు పెరుగుతుంది కాబట్టి మీ గీతకి రెండు అంగుళాలు పొడుగ్గా ఉంచి కోయించండి. బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకెని స్పైన్ అంటారు, అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. నా విల్లు పౌండ్లకి 900, 1000 స్పైన్ ఉన్న మెత్తటి బాణాలు కావాలి, మా మరిదికి 500 దగ్గరవి. అతని బాణాలు నా విల్లుతో కొడితే ఎడమకి పోతాయి, ఇద్దరం కుడిచేతివాటమే కాబట్టి.

ఆడడం అయిపోగానే స్ట్రింగ్ దించేయండి. మే నెల ఎండలో విల్లుని కారు డిక్కీలో వదిలి వెళ్ళొద్దు, లింబ్‌లో పొరల్ని అంటించిన జిగురు ఆ వేడికి విడిపోతుంది.