పాత కాలపు దుస్తులకు బట్ట కొనడం: లోపలి నుంచి పైకి

18వ శతాబ్దపు యూరప్ గౌను కుట్టాలనుకున్నవాళ్లు చాలామంది ముందు పై బట్ట కొనేస్తారు. మెరిసే బ్రోకేడ్ కంటపడితే చెయ్యి ఆగదు. ఎన్ని మీటర్లు కావాలో, లోపల ఏ పొరలు వస్తాయో అప్పటికింకా తేలకపోవడంతో ఒకటి చాలదు, ఇంకొకటి మిగిలిపోతుంది. కొనే వరుస తిరగేయండి: ముందు మాదిరి కుట్టుకు పాత దుప్పటిలాంటి నూలు బట్ట, తర్వాత లోదుస్తులకు లినెన్, ఆపైన లైనింగ్, ఆ తర్వాతే పై బట్ట. లేసులు, బొత్తాలు అన్నిటికన్నా చివర.

అంతకన్నా ముందు కాలం తేల్చుకోవాలి. "పాత కాలం" అంటే సరిపోదు, ఓ ఇరవై ఏళ్ల అవధిలోకి దిగాలి. ఏది కొనకూడదో చెప్పేది ఆ సంవత్సరమే. నైలాన్, పాలిస్టర్ 20వ శతాబ్దానివి. దుస్తులకు జిప్పు మామూలైంది 1930లలో. లోహపు ఐలెట్లు (తాడు దూర్చే రంధ్రాలకు బిగించే రింగులు) 19వ శతాబ్దంలో వచ్చాయి, కాబట్టి 1770 నాటి గౌనుకు దారంతో కుట్టిన రంధ్రాలే. విలియం పెర్కిన్ 1856లో మావ్ అనే లేత ఊదా రంగు తయారుచేశాకే అనిలిన్ రంగులు, అంటే రసాయనపు అద్దకాలు, బజారుకొచ్చాయి. అలాగని అంతకుముందువన్నీ వెలిసిన రంగులనుకుని మట్టిరంగు బట్ట మాత్రమే వెతకక్కర్లేదు. కొచినీల్ అనే పురుగు నుంచి తీసే ఎరుపు, నీలిమందు నీలం కళ్లు చెదిరేంత గాఢంగా ఉంటాయి.

ఎన్ని మీటర్లు

మాదిరి కుట్టి, ఒంటికి సరిచేసుకుని, దాన్ని విప్పితే వచ్చిన ముక్కలే మీ కొలతలు. కొనబోయే బట్ట పన్నా ఎంతో అంత వెడల్పున నేలమీద టేపుతో రెండు గీతలు వేయండి. ముక్కలన్నీ నిలువు పోగు దిశలో వాటి మధ్య పరిచి పొడవు కొలవండి. ఇంతకన్నా నమ్మకమైన లెక్క లేదు.

పెట్టికోటు లెక్క సులువు. నడుము నుంచి అంచు వరకు 105 సెం.మీ., మడతలకు 10 కలిపితే ఒక్కో పలక 115. చుట్టుకొలత 2.8 మీటర్లు కావాలంటే 140 సెం.మీ. పన్నాలో రెండు పలకలు, అంటే 2.3 మీటర్లు. కుట్లలో ఒకటి రెండు అంగుళాలు పోయినా ఫర్వాలేదు. పన్నా 112 అయితే మూడు పలకలు, 3.45 మీటర్లు. పువ్వుల డిజైన్ 30 సెం.మీ.కు ఒకసారి తిరిగొస్తుంటే పలక పొడవును 30కి పూర్తి గుణిజంగా పెంచాలి: 115 కాస్తా 120 అవుతుంది, మూడు పలకలకు 3.6 మీటర్లు. ఈ చివరి లెక్క మరిచిపోతే అతుకు దగ్గర పువ్వు సగంలో తెగుతుంది.

వెల్వెట్‌కు నూగు దిశ ఉంటుంది. ముక్కలన్నీ ఒకే వైపు తిప్పి కత్తిరించాలి, లేకపోతే ఒక ముక్క ముదురుగా, పక్కది లేతగా కనిపిస్తుంది. కాబట్టి నేలమీద పరిచేటప్పుడే పైభాగాలన్నీ ఒకే దిక్కున పెట్టి కొలవండి. కుచ్చులు, మడతల పట్టీలు అదే బట్టతో చేసేదుంటే అదీ కలపాలి: కుచ్చుకు పూర్తయిన పొడవుకు 2 నుంచి 2.5 రెట్లు, దగ్గర దగ్గర మడతలకు 3 రెట్లు. అన్నీ లెక్కేసి ఒకేసారి, ఒకే తాను నుంచి కోయించుకోండి. రంగు అద్దకం మారితే తేడా పగటి వెలుతురులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చేతితో చూడాల్సినవి

పేరు చూసి కాదు, పడే తీరు చూసి కొనాలి. శాటిన్ అన్నది నేత పేరు, పోగు పేరు కాదు. పట్టుతోనూ పాలిస్టర్‌తోనూ నేస్తారు. తానులోంచి ఓ మీటరు విప్పించి, పైన గుప్పిట్లో కుచ్చిళ్లు పట్టి వేలాడదీయండి. టఫెటా అనే బిరుసైన నున్నటి బట్ట గాలి నింపుకున్నట్టు ఉబ్బి నిలబడుతుంది, పల్చటి శాటిన్ జారి కాళ్లకు చుట్టుకుంటుంది. విశాలమైన గౌనుకు మొదటిదే పనికొస్తుంది. ముడి ముడి పోగులున్న డూపియన్ పట్టును ఇప్పుడు "పాత కాలపు" బట్టగా అమ్ముతారు కానీ, ఆనాడు ఆ ముడులను నాసిరకంగానే చూసేవారు. నున్నటి టఫెటా దొరికితే డూపియన్ జోలికి పోవద్దు. లైక్రా కలిసినవి, సాగే వెల్వెట్ అసలే వద్దు.

కర్టెన్ బట్టల విభాగం తప్పక చూడాలి. పన్నా ఎక్కువ, పెద్ద పువ్వుల నేతలు దొరుకుతాయి. వెనక్కి తిప్పి చూడండి. రబ్బరు పూత ఉంటే మడత పడదు, ఉక్కపోస్తుంది.

అనుమానముంటే చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, పట్టకారుతో పట్టి, నీళ్లు పక్కనుంచుకుని లోహపు పళ్లెం మీద కాల్చండి. నూలు, లినెన్ కాగితంలా మండి మెత్తటి బూడిదవుతాయి. పట్టు, ఉన్ని నెమ్మదిగా కాలి వెంట్రుకలు కాలిన వాసనొస్తాయి, మసి వేళ్లమధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. రేయాన్ నూలులాగే మండుతుంది కాబట్టి ఈ పరీక్షకు దొరకదు. దాని పోగును తడిపి లాగితే తేలిగ్గా తెగుతుంది, నూలు పోగు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

కొన్నాక, కోయకముందు

లోదుస్తులకు చదరపు మీటరుకు 120–150 గ్రాముల లినెన్ సరిపోతుంది. అది ఉతికితే కుదించుకుపోతుంది, అందుకే లెక్కకు పైన పది శాతం ఎక్కువ కొనండి. అంచులు జిగ్‌జాగ్ కుట్టి, తర్వాత మీరెలా ఉతుకుతారో అంత వేడి నీటిలోనే ముందు రెండుసార్లు ఉతకండి. ఉన్నిని ఆవిరి ఇస్త్రీతోనే కుదించాలి. పట్టు టఫెటాను తడపవద్దు, బిరుసు పోతే మళ్లీ రాదు.

బిగుతు రవికె లోపల ఒకప్పుడు తిమింగలపు బలీన్ (దాని నోట్లోని వంగే పట్టీలు) పెట్టేవారు. ఇప్పుడు దాని బదులు ప్లాస్టిక్ పట్టీ చుట్టలుగా దొరుకుతుంది. పల్చటిది కొంటే నడుము దగ్గర విరుచుకుని గుచ్చుకుంటుంది, మందపాటి నైలాన్ కేబుల్ టైలు దానికన్నా నయం. ఎన్ని మీటర్లో ఊహించకండి. నమూనా మీద పట్టీలు దూర్చే గాడులన్నీ గీసి, పొడవులు కూడి, పదో వంతు కలపండి.

దారం రంగు దుకాణం దీపాల కింద కాక గుమ్మం దగ్గర చూడండి. సరిగ్గా కలవకపోతే ఒక ఛాయ ముదురుదే తీసుకోండి, లేతది కుట్టు మీద తేలి కనిపిస్తుంది. చేత్తో కుట్టే లినెన్ దారానికి తేనెమైనం ముద్ద ఒకటి కొనండి. దారాన్ని దాని మీద రెండుసార్లు లాగితే ముడిపడదు, చివర పీచు లేవదు.